ఇంట్లోకి ఫైకస్ కావాలంటే మామూలు రబ్బరు మొక్కే

మర్రి, రావి, మేడి అన్నీ ఫైకస్‌లే కదా, కుండీలోదీ అంతే మొండిగా ఉంటుందిలే అనుకుంటే పొరపాటు. బెంజమినా అనే ఫైకస్ రకం చోటు మార్చగానే ఆకులు దులిపేసుకుంటుంది. చచ్చిపోయిందని పారేయకండి, కొత్త వెలుతురుకు అలవాటు పడ్డాక కొన్ని వారాల్లో మళ్లీ చిగురిస్తుంది. ఫొటోల్లో మెరిసిపోయే పెద్దాకుల లైరాటా ఇంకా పెంకిది. నీళ్లు కాస్త అటూ ఇటూ అయినా ఆకుల మీద గోధుమరంగు మచ్చలు తేలతాయి.

పెద్దగా పట్టించుకోకపోయినా బతికేది ముదురాకుపచ్చ ఎలాస్టికా, అంటే రబ్బరు మొక్క. రోబస్టా, బర్గండీ రకాలు రెండూ మంచివే. ఆకు మందం, పైన మైనపు పూత, అందుకే ఓసారి నీళ్లు మరిచినా తట్టుకుంటుంది. టినెకే, రూబీ అనే రంగుల ఆకుల రబ్బరు రకాలు చూసి మోజుపడితే వాటికి కిటికీ పక్క చోటివ్వాలి. ఆకులో తెల్లగా ఉన్నచోట పత్రహరితం ఉండదు, కాబట్టి ఎదుగుదలా నెమ్మదే. సన్నాకులు ఇష్టమైతే అలీ అనే ఫైకస్ తీసుకోండి, అది బెంజమినా రాల్చినంతగా ఆకులు రాల్చదు.

నర్సరీలో ముందు ఆకు తిప్పి చూడండి. ఈనెల వెంట గోధుమరంగు బొడిపెలు, జిగురు ఉంటే పొలుసు పురుగు పట్టినట్టే, వదిలేయండి. కొనపై చిగురు తొడుగు గట్టిగా, నిటారుగా ఉండాలి. కాండం కదిలిస్తే మొదలంతా ఊగిందా, వేళ్లు ఇంకా పట్టలేదన్నమాట.

రబ్బరు మొక్కను చంపేది దాదాపుగా నీళ్లే. వారానికింత అని లెక్క పెట్టుకోకుండా వేలు గుచ్చి, పై 3–4 సెంటీమీటర్ల మట్టి ఆరాకే అడుగు నుంచి కారేదాకా పోయండి. పళ్లెంలో నిలిచినవి పారబోయండి. మట్టి తడిగా ఉండగానే కింది ఆకులు ఒక్కొక్కటే పసుపెక్కి రాలుతుంటే గాలి అందక వేళ్లు కుళ్లుతున్నట్టు. కొత్త కుండీ పాతదానికన్నా 3–5 సెంటీమీటర్లు వెడల్పుంటే చాలు. మరీ పెద్దదైతే వేళ్లు చేరని మట్టి తడారక అదే కుళ్లు మొదలవుతుంది. రెండు పాళ్లు మట్టికి కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఒక పాలు, పెర్లైట్ (తేలికైన తెల్ల గుళికలు) ఒక పాలు కలపండి.

పొడుగు ఎక్కువైతే కణుపుకు కాస్త పైన కోయండి, పక్క కొమ్మలు వస్తాయి. కారే పాలు చర్మానికి పడవు, చేతికి తొడుగులు వేసుకోండి. తడిగుడ్డ అద్దితే కాసేపటికి ఆగుతాయి. ఆకులు నమిలే పిల్లి, కుక్క ఇంట్లో ఉంటే కుండీ వాటికి అందనిచోట ఉండాలి.