టార్గెట్ చూసి నడపాలా, గుణం చూసి నడపాలా: ఏది మేలు?

రివ్యూ మీటింగులో మేనేజరు అడగగలిగే ప్రశ్నలు రెండు. ఒకటి: "ఈ నెల నీ నంబరు ఎంత?" రెండోది: "ఈ నెల ఏ కస్టమరుకి వద్దని చెప్పావు, ఎందుకు?" మొదటి ప్రశ్న వెనక మేనేజ్‌మెంట్ ఆలోచనాపరులు 1911 నాటి ఫ్రెడరిక్ టేలర్, 1954 నాటి పీటర్ డ్రకర్ వేసిన బాట ఉంది. రెండోదాని వెనక, మనిషి గుణమే పునాది అన్న రెండువేల మూడొందల ఏళ్ల కిందటి గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఉన్నాడు. మన కౌటిల్యుడు రెండూ అడిగే రకం. ఆయన దగ్గరికి తర్వాత వద్దాం.

తీర్పు ముందే చెప్పేస్తాను. పని ఎలా సాగుతోందో తెలుసుకోవడానికి అంకె మేలు. ఆ అంకెను తన చేత్తోనే రాసే మనిషిని నిలబెట్టడానికి గుణం మేలు. ఒకదాని చోట ఇంకొకటి వాడినప్పుడే కంపెనీలు మునుగుతాయి.

అంకె పక్షాన

బెత్లహేమ్ స్టీల్‌లో ఇనుప దిమ్మెలు మోసే కూలీ రోజుకు 12.5 టన్నులు ఎత్తేవాడనీ, పనినీ విశ్రాంతినీ లెక్కగట్టి, కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెంచి 47.5 టన్నులు ఎత్తించాననీ టేలర్ రాసుకున్నాడు. ఆయన కథలో అతిశయోక్తి ఉందని తర్వాతి పరిశోధకులు తేల్చారు. నా ఉద్దేశంలో మేనేజ్‌మెంట్ శాస్త్రం ఇచ్చిన అసలు వరం అది కాదు, 1924లో వాల్టర్ షూహార్ట్ గీసిన కంట్రోల్ చార్టు, అంటే మామూలు ఊగిసలాట ఎంతవరకో హద్దులు గీసి చూపే పటం. దాన్ని కాస్త దగ్గర నుంచి చూడాలి.

అకౌంట్స్ విభాగంలో రోజుకు 200 ఇన్‌వాయిసులు ఎంటర్ అవుతాయనుకుందాం. సగటున 4 శాతం, అంటే 8 తప్పు పోతాయి. ఒక రోజు 14 తప్పులొచ్చాయి. సూపర్‌వైజరుకు కోపం వచ్చి అందరినీ నిలబెట్టి వాయించాడు. మర్నాడు 9కి తగ్గాయి. "చూశారా, తిడితేనే దారికొస్తారు" అన్నాడు.

ఇప్పుడు లెక్క వేద్దాం. 0.04ను 0.96తో గుణించి 200తో భాగిస్తే 0.000192. దాని వర్గమూలం దాదాపు 0.0139, ఇది ఊగిసలాట కొలత. షూహార్ట్ పద్ధతిలో హద్దు కోసం మూడు రెట్లు చేస్తే 0.0416. సగటుకు కలిపితే పై హద్దు 8.16 శాతం, అంటే 16 తప్పుల దాకా ఆ పద్ధతిలో మామూలుగా వచ్చే ఊగిసలాటే. 14 అనేది ఎవరి నిర్లక్ష్యమూ కాదు. మర్నాడు తగ్గింది తిట్ల వల్ల కాదు, ఎక్కువైన రోజు తర్వాత సగటు వైపు జారడం అంకెల స్వభావం. ఇదే సూపర్‌వైజరు 3 తప్పులొచ్చిన రోజు స్వీట్లు పంచి, మర్నాడు 8 వస్తే "పొగిడితే నెత్తికెక్కుతారు" అని తీర్మానించుకుంటాడు. అలా ఏళ్ల తరబడి తప్పుడు పాఠం నేర్చుకుంటాడు.

17 తప్పులు వస్తే మాత్రం కథ వేరు. ఆ రోజు ఏం మారిందో వెతకాలి: కొత్త ఆపరేటరా, జీఎస్టీ రేటు మారిందా, ఏదైనా వెండరు బిల్లు నమూనా మార్చాడా.

ఈ చార్టు లేకుండా మనిషి ఎంత ధర్మాత్ముడైనా 14 దగ్గర అన్యాయమే చేస్తాడు. న్యాయబుద్ధి ఉండటం వేరు, ఎవరిది తప్పో తెలియడం వేరు. గుణవాదులు ఈ సంగతి తేలిగ్గా దాటేస్తారు.

అంకె తిరగబడే చోటు

అదే అంకెను కొలబద్దగా కాకుండా కొరడాగా వాడితే ఏమవుతుందో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు చూపించింది. ఒక్కో కస్టమరు ఇంటికి ఎనిమిది ప్రోడక్టులు అమ్మాలన్నది లక్ష్యం. నిజానికి సగటు ఆరు దాటి కాస్త పైన ఆగింది. బ్రాంచీల్లో రోజువారీ లెక్కలు, జనవరిలో ఇంకా పెద్ద టార్గెట్లు. నంబరు కోసం సిబ్బంది కస్టమరుకు తెలియకుండా ఖాతాలు తెరిచారు, అడగని కార్డులకు దరఖాస్తులు పెట్టారు, ఉన్న ఖాతాలోంచి కొత్త ఖాతాలోకి డబ్బు మార్చి అది నిజంగా నడుస్తున్నట్టు చూపించారు. 2016 సెప్టెంబరులో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అప్పటికే సుమారు 5,300 మందిని ఉద్యోగంలోంచి తీసేశారు. అనుమానాస్పద ఖాతాల లెక్క మొదట 20 లక్షలన్నారు, మరుసటి ఏడాది 35 లక్షల దాకా పోయింది. 2020లో ప్రభుత్వంతో రాజీకి మరో 300 కోట్ల డాలర్లు కట్టారు.

ఐదు వేల మంది ఒకే రకం తప్పు చేశారంటే దాన్ని వ్యక్తుల దొంగబుద్ధి అనడం సోమరి మాట. మూడు సంగతులు కలిశాయి. నంబరు రాసేవాడూ, ఆ నంబరుకు బోనస్ తీసుకునేవాడూ ఒక్కడే: కంచే చేను మేసే ఏర్పాటు. లాభం ఆ రోజే కనపడుతుంది, నష్టం బయటపడటానికి నెలలు పడుతుంది. టార్గెట్ నిజాయితీగా అందుకోలేనంత ఎత్తున ఉంది. ఈ మూడూ ఒకేచోట చేరితే మీ కంపెనీలోనూ అదే జరుగుతుంది. అంకెల ఆట ఆపమని, భయాన్ని బయటికి తరమమని ఎడ్వర్డ్స్ డెమింగ్ ముందే చెప్పాడు. ఆయన స్వయంగా గణాంకాల మనిషి, అంకెలంటే పడనివాడేం కాదు.

గుణం పక్షాన

గుణం అంటే మెత్తగా ఉండటం అనుకుంటే అరిస్టాటిల్‌ని సరిగ్గా చదవనట్టే. గ్రీకులు చెప్పుకున్న నాలుగు ముఖ్య గుణాలు వివేకం, న్యాయం, ధైర్యం, నిగ్రహం. ఒక్కో గుణం రెండు దోషాల మధ్య నిలబడుతుంది: ధైర్యానికి ఒక పక్క పిరికితనం, ఇంకో పక్క తెగింపు. మధ్య అంటే సరాసరి కాదు. పది పాళ్ల తిండి ఎక్కువ, రెండు పాళ్లు తక్కువ అయినంత మాత్రాన అందరికీ ఆరు పాళ్లు పెట్టమనరు. మైలో అనే మల్లయోధుడికి ఆరు చాలవు, కొత్తగా కుస్తీ నేర్చుకునేవాడికి ఆరు ఎక్కువ. ఈ పోలిక అరిస్టాటిల్‌దే. టీమ్‌లో నిన్న చేరిన కుర్రాడినీ, పదేళ్ల అనుభవం ఉన్నవాడినీ ఒకే మోతాదులో మందలించే మేనేజరుకు ఇది చక్కగా వర్తిస్తుంది.

ఇంకో మాట కూడా అన్నాడాయన. చిన్న వయసులో గణితంలో దిట్ట కావచ్చు గానీ, ఆచరణ వివేకం అనుభవంతో తప్ప రాదని. కొత్త ఎంబీఏలకు ఇది రుచించదు. మరి ఆ అనుభవం ఎలా వస్తుంది? వీణ వాయిస్తే వీణ వచ్చినట్టే, ధైర్యమైన పనులు చేస్తేనే ధైర్యం వస్తుంది. చిన్న చిన్న సందర్భాల్లో సాధన కావాలి.

దీనికి గట్టి ఉదాహరణ జాన్సన్ అండ్ జాన్సన్. రోగులు, డాక్టర్లు, తల్లులు మొదట, వాటాదారులు చివర అని చెప్పే ఒక పేజీ ప్రకటన 1943 నుంచి వాళ్లకుంది. గోడ మీద వేలాడే కాగితం ఎవరినీ కాపాడదు. కానీ 1970లలో ఆ కంపెనీ నాయకుడు జేమ్స్ బర్క్ మేనేజర్లను కూర్చోబెట్టి, దీన్ని నిజంగా పాటించలేమంటే గోడ మీంచి పీకేద్దాం, వాదించండి అన్నాడు. వాదించుకున్నారు. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో ఆ కంపెనీ నొప్పి మందు టైలెనాల్ క్యాప్సూల్స్‌లో సైనైడ్ కలిపి ఏడుగురు చనిపోయినప్పుడు, కంపెనీ దేశమంతటా 3.1 కోట్ల సీసాలు వెనక్కి రప్పించింది. ఖర్చు 10 కోట్ల డాలర్లు పైమాటే. అలాంటి రోజు ఏం చేయాలో ఏ డ్యాష్‌బోర్డూ చెప్పదు. ముందే వాదించుకుని ఉన్న మనసులు చెబుతాయి.

ఇక్కడితో ఆపేస్తే గుణం గెలిచినట్టే. చాలా మేనేజ్‌మెంట్ పాఠాలు ఇక్కడే ఆపేస్తాయి కూడా. అదే కంపెనీ, అదే ప్రకటన. 2010లో పెన్సిల్వేనియాలోని ఫోర్ట్ వాషింగ్టన్ ప్లాంటులో తయారైన పిల్లల ద్రవ మందులను, టైలెనాల్‌తో సహా, వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కొన్నిటిలో అసలు మందు మోతాదు ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉండొచ్చు, కొన్నిటిలో సన్నని రేణువులు ఉండొచ్చు అన్నది కారణం. ప్లాంటు మూసేశారు. ఇక్కడ లోపించింది మంచి మాటలు కావు, తయారీ మీద నిఘా. రేణువులను పట్టేది ఫిల్టరు, టెస్టింగు, బ్యాచ్ రికార్డు. సద్గుణాలు పట్టలేవు.

కౌటిల్యుడి లెక్క

రెండూ కలిపి పట్టుకున్నవాడు అర్థశాస్త్రకారుడే. అధికారుల గుణాన్ని నాలుగు రకాలుగా పరీక్షించమన్నాడు: ధర్మం, అర్థం, కామం, భయం. డబ్బు పరీక్షలో నిలిచినవాడికి వసూళ్లు, ఖజానా. ధర్మ పరీక్షలో నిలిచినవాడికి న్యాయవిచారణ. నాలుగింటిలోనూ నిలిస్తే మంత్రి పదవి. అంటే గుణం ఒకే ముద్ద కాదు. డబ్బు దగ్గర నిప్పులాంటివాడు భయం దగ్గర వంగిపోవచ్చు. ప్రమోషన్లు ఇచ్చేటప్పుడు "మంచోడండీ" అన్న ఒక్క మాటతో సరిపెట్టేవాళ్లు ఈ భాగం చదవాలి.

అలాగని మనుషుల్ని నమ్మి ఊరుకోలేదు. ధనం స్వాహా చేసే పద్ధతులు నలభై లెక్కపెట్టాడు. నీళ్లలో తిరిగే చేప ఎప్పుడు నీళ్లు తాగిందో తెలియనట్టే, డబ్బు చేతుల మీదుగా పోయే అధికారి ఎప్పుడు తిన్నాడో తెలియదన్నాడు. అందుకే ఒక్కో శాఖకు పలువురు అధిపతులుండాలి, ఎవరూ ఒకేచోట పాతుకుపోకూడదు. నేటి బ్యాంకు భాషలో మేకర్-చెకర్ (ఒకరు రాస్తే ఇంకొకరు సరిచూడటం), రొటేషన్ ట్రాన్స్‌ఫర్. ఒక హెచ్చరిక కూడా చేశాడు: నీళ్లలో విషం కలిపినట్టు, చెడనివాడిని పరీక్షల పేరుతో చెడగొట్టవద్దని. సొంత ఉద్యోగులకు ఉచ్చులు పన్నే కంపెనీలకు ఇది చాలు.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఇన్సెంటివ్ విషయంలో అంకె వాడండి, కానీ రాసే చేయీ తీసుకునే చేయీ వేరు చేయండి. ఖాతా తెరిచిన రోజు 40 శాతం ఇచ్చి, మిగతా 60 శాతం 90 రోజుల తర్వాత, కస్టమరు తనంతట తాను కనీసం రెండు లావాదేవీలు చేస్తేనే ఇవ్వడం ఒక పద్ధతి. ప్రతి వందమందిలో పదిమందికి సేల్స్‌తో సంబంధం లేని వ్యక్తి ఫోన్ చేసి "ఈ ఖాతా మీరే అడిగారా?" అని కనుక్కోవాలి. ఇది ఎక్కడ దెబ్బతింటుందంటే, సేల్స్‌మన్‌కి 90 రోజుల నియమం పెట్టి, అతని మేనేజరు టార్గెట్‌ని మాత్రం పాత లెక్కలోనే ఉంచినప్పుడు. ఒత్తిడి పైనుంచి కిందికి జారుతుంది కాబట్టి మార్పు మేనేజరుతో మొదలవ్వాలి.

గుణం విషయంలో అప్రైజల్ ఫారంలో "నిజాయితీ: 5కి ఎంత?" అన్న గడి పెట్టకండి. అందరికీ 4 పడుతుంది, నచ్చనివాడికి 3 పడుతుంది, అంతే. దానికి బదులు చెడు కబురు ప్రయాణాన్ని కొలవండి: సమస్య మొదట కనపడిన తేదీ, అది మీ చెవిన పడిన తేదీ, మధ్య ఎన్ని రోజులు. పోయిన ఆరు నెలల్లో ఐదు సమస్యలు తీసుకుని చూస్తే మీ టీమ్‌లో ధైర్యం ఎంతుందో, మీలో కోపం ఎంతుందో రెండూ తెలుస్తాయి.

సాధన కోసం నెలకు 45 నిమిషాలు చాలు. పనిలో నిజంగా ఎదురైన ఒక చిక్కును ముందు పెట్టాలి: డెలివరీ ఆలస్యమవుతుందని క్లయింటుకు ఈ రోజే చెప్పాలా, వారం ఆగి చూడాలా. అందరికంటే జూనియర్ మొదట మాట్లాడాలి, బాస్ చివర. వరుస తిరగబడితే మిగతావాళ్లు తల ఊపి టీ తాగి వెళ్లిపోతారు. నిర్ణయాన్నీ కారణాన్నీ ఐదు లైన్లలో రాసి, ఆరు నెలలకు మళ్లీ తీసి చూడాలి.

పదిపన్నెండు మంది ఉన్న దుకాణంలో యజమాని కన్నే కొలబద్ద, అక్కడ గుణం మీదే బండి నడుస్తుంది. మనుషులు పెరిగి యజమానికి అందరి పేర్లూ గుర్తుండని రోజు నుంచి అంకెలు తప్పవు. ఫ్యాక్టరీ, ఆస్పత్రి, మందుల తయారీలో మొదటి రోజు నుంచే తప్పవు.

నాయకుడి సొంత అంకె

కింది ఉద్యోగి అంకెను పై అధికారి చూస్తాడు. పైవాడి అంకె ఎవరు చూడాలి? హైదరాబాద్‌లో 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖ ఈ ప్రశ్నకు సంబంధించినదే. 2008 సెప్టెంబరు త్రైమాసికానికి చూపిన నిర్వహణ లాభం 649 కోట్లు, అంటే ఆదాయంలో 24 శాతం. అసలుది 61 కోట్లు, 3 శాతం. పుస్తకాల్లో ఉన్న 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. మొదట్లో తేడా చిన్నదేననీ, ఏళ్లు గడిచేకొద్దీ పెరిగిందనీ, పులి మీద సవారీలా దిగే దారి దొరకలేదనీ ఆ లేఖే చెప్పింది.

చిన్న తేడా ఉన్న మొదటి త్రైమాసికంలో "ఈసారి లాభం తగ్గింది" అని చెప్పడానికి కావలసింది ధైర్యం. ఆ రోజు దాని ఖరీదు షేరు ధరలో కొంత తగ్గుదల మాత్రమే. అరిస్టాటిల్ వైద్యం పనిచేసే సమయం అదొక్కటే. తర్వాత ఏ గుణబోధా పులి మీంచి దింపలేదు.

తర్వాతి త్రైమాసికాల్లో పట్టుకోగలిగేది మాత్రం చాలా మామూలు పని. కంపెనీ ఖాతాలో ఎంత నిల్వ ఉందని అడిగే ఉత్తరాన్ని ఆడిటరే స్వయంగా బ్యాంకుకు పంపాలి. జవాబు బ్యాంకు నుంచి నేరుగా ఆడిటరు ఆఫీసుకే రావాలి, దారిలో కంపెనీ ఫైనాన్స్ విభాగం చేయి పడకూడదు. కవరు మీద చిరునామా ఎవరిదో చూడండి.