స్నో వైట్ వేటగాడు: గ్రిమ్ కథలోవాడు మేలా, డిస్నీ సినిమాలోవాడు మేలా?

పిల్లలకి స్నో వైట్ కథ ముందు పుస్తకంలో చదివి వినిపించాలా, 1937 నాటి డిస్నీ బొమ్మల సినిమా చూపించాలా అని చాలామంది అడుగుతుంటారు. అడిగేవాళ్ల టెన్షన్ అంతా దాదాపు ఒక్క చోటే, వేటగాడు కత్తి ఎత్తే ఘట్టం. అద్దం మీదా యాపిల్ మీదా ఎవరికీ పేచీ లేదు. అందుకే నేనూ ఆ ఘట్టాన్నే పట్టుకుంటాను. సవతి కూతురు స్నో వైట్ తనకంటే అందగత్తె అని మాయ అద్దం చెప్పేసరికి, పుస్తకంలోనూ సినిమాలోనూ రాణి ఆ పిల్లను చంపమంటుంది, వేటగాడు చంపలేక వదిలేస్తాడు. కానీ ఆ వదిలేసే తీరు రెండు చోట్లా ఒకటి కాదు.

ముందు జర్మన్ జానపద కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరుల కథ. 1812లో అచ్చయిన మొదటి ముద్రణలోనే వేటగాడు ఉన్నాడు. అంతకుముందు 1810లో వాళ్లు చేత్తో రాసి పెట్టుకున్న ప్రతిలో మాత్రం లేడు. అందులో రాణి తనే పిల్లను బండిలో అడవికి తీసుకెళ్లి, గులాబీలు కోసుకురమ్మని దింపి, బండి తోలించుకుని వచ్చేస్తుంది. అచ్చు పుస్తకంలోకి వచ్చేసరికి ఆ పాపపు పని చేయడానికి ఒక నౌకరు దొరికాడన్నమాట.

అక్కడ స్నో వైట్‌కి ఏడేళ్లు. చంపినట్టు గుర్తుగా ఊపిరితిత్తులు, కాలేయం తెమ్మంటుంది రాణి. వేటగాడు మారుమాట్లాడకుండా పిల్లను అడవికి తీసుకెళ్లి కత్తి దూస్తాడు. పిల్ల ఏడ్చి, చంపొద్దని, అడవిలోకి పారిపోయి మళ్లీ ఇంటి మొహం చూడనని బతిమాలుతుంది. అంత అందంగా ఉంది కాబట్టి అతనికి జాలి కలిగింది అంటుంది కథ. ఎన్నిసార్లు చదివినా నాకు ఈ కారణం దగ్గర గొంతు పట్టేస్తుంది. రాణికి పగ పుట్టించిందీ ఆ అందమే. ఆ పిల్ల చూడ్డానికి మామూలుగా ఉండుంటే రాణి జోలికే వచ్చేది కాదు. వచ్చి ఉంటే మాత్రం వేటగాడు వదిలేవాడో లేదో!

సరే, వదిలేశాడు. కానీ మనసులో, ఎలాగూ అడవి జంతువులు తినేస్తాయిలే అనుకుంటాడు. అలా అనుకుంటూనే, తన చేత్తో చంపాల్సిన పని తప్పినందుకు గుండెల మీద నుంచి బండ దిగినంత తేలికపడతాడు. కథ మొత్తంలో ఇంతకంటే నిజమైన వాక్యం నాకు కనబడలేదు. పైవాళ్లు చెప్పిన చెడ్డపని చేయలేక తప్పుకునే మనిషి సాధారణంగా ఇలాగే ఉంటాడు. నా చేతికి రక్తం అంటలేదు, మిగతాది ఆ పిల్ల అదృష్టం. తర్వాత ఒక అడవిపంది పిల్ల అటుగా వస్తే పొడిచి, దాని ఊపిరితిత్తులు, కాలేయం పట్టుకెళ్తాడు. వాటిని ఉప్పేసి వండించుకుని రాణి తింటుంది.

సినిమాలో వేటగాడికి ఎదురు చెప్పే గుణం దర్బారులోనే కనిపిస్తుంది. ఎక్కడైనా పూలు కోసుకునే చోటికి తీసుకెళ్లి చంపెయ్యమని రాణి అనగానే, పాపం చిన్న రాకుమారి కదమ్మా అన్నట్టు ఒక మాట అంటాడు. నోరు ముయ్యమంటుంది. పని కాకపోతే శిక్ష ఏమిటో తెలుసు కదా అని గుర్తుచేస్తుంది. గుండెకాయ తెచ్చి ఇందులో పెట్టమని పెట్టె చేతికిస్తుంది. గ్రిమ్ కథలో లేనిది ఇదే. ఇక్కడ అతను ఒప్పుకున్నది బుద్ధిపూర్వకంగా కాదు, భయంతో. అందువల్ల తర్వాత కత్తి జారిపోవడం హఠాత్తుగా పుట్టిన జాలిగా అనిపించదు. దర్బారులో నోట్లోనే ఆగిపోయిన మాట అడవిలో చేతిదాకా వచ్చిందనిపిస్తుంది.

అడవి దృశ్యం చిన్నదే. స్నో వైట్ దారి తప్పిన పిట్టపిల్లను ఊరడించి ఎగరేస్తుంది. వెనక నుంచి నీడ పడుతుంది. తిరిగి చూసి కేక వేస్తుంది. ఎత్తిన చెయ్యి వణికి కత్తి కింద పడుతుంది. అతను మోకాళ్ల మీద కూలబడి క్షమించమని వేడుకుంటాడు. ఇక్కడ ఆమె బతిమాలదు, అతను బతిమాలతాడు.

నాకు తూకం తేల్చే సంగతి ఆ తర్వాతది. వదిలేశాక ఆ పిల్ల బతకడానికి అతను ఏం చేశాడు? సినిమా వేటగాడు నిజం చెప్పేస్తాడు. రాణికి నీ మీద అసూయ, ఎంతకైనా తెగిస్తుంది, పారిపో, దాక్కో, మళ్లీ రావద్దు అంటాడు. అంటే రాజద్రోహం రెండుసార్లు చేశాడు, ఒకటి చంపకపోవడం, రెండోది గుట్టు చెప్పడం. గ్రిమ్ కథలోనూ స్నో వైట్ తనకు అడవిలో ఆశ్రయమిచ్చిన మరుగుజ్జులతో సవతి తల్లి నన్ను చంపించబోయిందని చెబుతుంది కాబట్టి సంగతి ఆమెకు తెలిసే ఉండాలి. కానీ వేటగాడు నోరు విప్పి హెచ్చరించినట్టు ఎక్కడా లేదు. పో పాపం అన్నాడు, అంతే. ఇంత హెచ్చరించినా సినిమాలో పిల్ల చివరికి రాణి మారువేషంలో ఇచ్చిన విషపు యాపిల్ కొరికింది కదా అనొచ్చు. కొరికింది. ఆ తప్పు వేటగాడి ఖాతాలో వేయలేం.

సినిమా మీద నాకున్న ఫిర్యాదు ఒకటే. పెట్టెలో ఉన్నది పంది గుండె అని అద్దం బయటపెట్టేస్తుంది, రాణి మండిపడుతుంది, ఆ తర్వాత వేటగాడి ఊసే లేదు. శిక్ష గురించి అంత గట్టిగా బెదిరించాక, అతను ఏమయ్యాడో ఒక్క ముక్కైనా చెప్పాల్సింది. పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది, జవాబు సిద్ధం చేసుకోండి.

మిగిలినవాళ్ల గురించి రెండు మాటలు. రష్యన్ కవి పుష్కిన్ 1833లో రాసిన ఇలాంటి కథలో వేటగాడికి బదులు చెర్నావ్‌కా అనే దాసి ఉంటుంది. రాకుమారిని చెట్టుకి కట్టేసి తోడేళ్లకి వదిలేయమంటే, ఆమె మీద ప్రేమకొద్దీ కట్టకుండానే పంపేస్తుంది. 1951లో సోవియట్ బొమ్మల సినిమాగానూ వచ్చింది, దొరికితే చూడండి. 2012 నాటి హాలీవుడ్ సినిమాలో వేటగాడే హీరో, గొడ్డలి పట్టుకుని యుద్ధాలు చేస్తాడు. మన చర్చకి పనికిరాడు. పిల్లలమర్రి పినవీరభద్రుని జైమినీ భారతం చదివినవాళ్లకి చంద్రహాసుడు గుర్తొచ్చే ఉంటాడు. మంత్రి దుష్టబుద్ధి పంపిన తలారులు ఆ పిల్లవాణ్ణి చంపలేక, కాలికున్న ఆరో వేలు కోసి ఆనవాలుగా చూపిస్తారు. పందిపిల్ల ప్రాణం కూడా పోలేదు. ఆ లెక్కన వాళ్లే అందరికంటే తెలివైనవాళ్లు.

పిల్లలకైతే ముందు సినిమా. కత్తి ఘట్టం చూసి పెద్దవాళ్లు అనుకున్నంతగా పిల్లలు బెదరరు. ఆ వెంటనే చెట్లకి చేతులు, కళ్లు మొలిచి స్నో వైట్‌ని తరిమే చోటే అసలు భయం. అందుకే 1938లో బ్రిటన్ సెన్సార్ దీనికి ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చింది. మన ‘ఎ’ కాదులెండి, పిల్లల వెంట పెద్దవాళ్లు ఉండాలని అర్థం. మీరూ ఆ ఐదు నిమిషాలు పక్కనే కూర్చోండి. గ్రిమ్ కథ ఎనిమిదేళ్లు దాటాక ఇవ్వొచ్చు, వండుకు తినే వాక్యం తీసేయని పుస్తకమైతే మరీ మంచిది.