విరిచే బ్లేడు కట్టర్: 9 మిల్లీమీటర్లదా, 18 మిల్లీమీటర్లదా?

అట్టపెట్టెలు విప్పడానికి, పుస్తకాలకు అట్టలు వేయడానికి, కాగితంతో నమూనాలు తయారుచేయడానికి, పెన్సిల్ చెక్కడానికి ఒకే పనిముట్టు ఉండాలంటే విరిచే బ్లేడు, అంటే మొద్దుబారిన కొసను గాటు వెంట విరిచేస్తే కొత్త కొస అందే బ్లేడు, ఉన్న కట్టర్‌ను మించినది నాకు కనిపించలేదు. చౌకగా దొరికే వస్తువు కాబట్టి చాలామంది దీనిని కొనేటప్పుడు పెద్దగా ఆలోచించరు. కౌంటరు మీద ఏది ఉంటే అది తీసుకుంటారు. అయితే చూడటానికి ఒకేలా ఉన్న రెండు కట్టర్లు కోతలో ఎంతో తేడా చూపిస్తాయి. ఆ తేడా పిడి రంగులో గాని, దాని మీది రబ్బరులో గాని ఉండదు. బ్లేడు జారే గాడిలోను, దానిని నిలిపే లాకులోను, బ్లేడు ఉక్కులోను ఉంటుంది.

కొసను విరిచి వాడే ఈ పద్ధతిని 1956లో జపాన్‌లోని ఒసాకాలో యోషియో ఒకాడా రూపొందించారు. కాగితం కోసే బ్లేడు అంచు మొద్దుబారగానే మిగతా భాగమంతా బాగున్నా పారవేయవలసి వస్తోందని గమనించిన ఆయన, చెప్పులు కుట్టేవారు గాజుపెంకులను పగలగొట్టి కొత్త అంచుతో పని చేసుకోవడాన్ని, చాక్లెట్ పలక గీతల వెంట విరగడాన్ని కలిపి ఆలోచించారని చెబుతారు. ఆయన సంస్థ తరువాత ఓల్ఫా పేరుతో ప్రసిద్ధమైంది. ఆ సంస్థ వాడిన 9, 18 మిల్లీమీటర్ల వెడల్పులే, కొసకు 59 డిగ్రీల వాలే నేడు ఇతర తయారీదారుల బ్లేడులలోనూ ఎక్కువగా కనిపిస్తాయి. కొనేవారికి దీనివల్ల కలిగే లాభం చిన్నది కాదు: పిడి ఒకరిది, బ్లేడు మరొకరిది అయినా చాలావరకు సరిపోతుంది. అందుకే వింత కొలత గల బ్లేడు పట్టే కట్టర్‌ను, అది ఎంత ముచ్చటగా ఉన్నా, నేను సిఫారసు చేయను.

9 మిల్లీమీటర్ల బ్లేడు మందం సుమారు 0.38 మిల్లీమీటర్లు, 18 మిల్లీమీటర్లది 0.5 మిల్లీమీటర్లు. ఈ కాస్త తేడాయే పనిని నిర్ణయిస్తుంది. పలుచని బ్లేడు కాగితంలో సులువుగా దిగుతుంది, వంపులు తిరుగుతుంది, పెన్సిల్ చెక్కను రేకులుగా లేపుతుంది. దళసరి అట్టలో పెట్టి బలంగా నొక్కితే మాత్రం పక్కకు వంగి, గీసిన గీతను వదిలి వెళుతుంది. వెడల్పు బ్లేడు ఆ ఒత్తిడిని తట్టుకుంటుంది గాని, సన్నని మలుపు దగ్గర మొండికేస్తుంది. 25 మిల్లీమీటర్లవి కూడా ఉన్నాయి. అవి నిర్మాణపు పనులకే తప్ప ఇంటి బల్ల మీదికి అక్కరలేదు.

దుకాణంలో చేయదగిన పరీక్ష ఒకటి ఉంది. బ్లేడును రెండు ముక్కల మేర బయటికి తీసి, దాని వీపు వైపు, అంటే పదును లేని అంచు వైపు వేలు పెట్టి పక్కలకు మెల్లగా కదిపి చూడాలి. గాడి ఉక్కుతో చేసినదై, మడతలు బ్లేడును దగ్గరగా పట్టుకుని ఉంటే కదలిక దాదాపు తెలియదు. గాడి కూడా ప్లాస్టిక్‌దే అయితే బ్లేడు టకటకా ఆడుతుంది. స్కేలు ఆనించి కోసినా ఆ కోత నిటారుగా రాదు, అట్ట పైభాగంలో ఒక కొలత, అడుగున మరో కొలత వస్తాయి. నాలుగైదు కలిపి ఒక సంచిలో అమ్మే పేరు లేని కట్టర్లలో ఈ లోపమే ఎక్కువగా చూశాను. ఒకదాని ధరకే అన్ని వచ్చాయన్న సంతోషం మొదటి దళసరి అట్టతోనే తీరిపోతుంది.

లాకులు ప్రధానంగా రెండు రకాలు. మీట వదలగానే దానంతట అదే పళ్లలో కూర్చునే ఆటో లాక్ ఒకటి. మరను తిప్పి బిగించేది రెండవది. మొదటిది ఒంటిచేత్తో, త్వరగా పనిచేస్తుంది కనుక 9 మిల్లీమీటర్ల కట్టర్‌కు అదే తగినది. 18 మిల్లీమీటర్లదానికి మాత్రం మర ఉన్నదే మేలు. బలంగా లాగేటప్పుడు బ్లేడు వెనక్కి జారితే కోత చెడటమే కాదు, చేతికీ ముప్పే. ఎడమచేతివాటం వారు బ్లేడును తిరగేసి అమర్చుకునే వీలు ఉందో లేదో అడిగి తీసుకోవాలి.

మిగిల్చిన డబ్బు ఏమైనా ఉంటే బ్లేడుల మీద పెట్టడం న్యాయం. కార్బన్ ఉక్కు బ్లేడు ఎక్కువ పదునుగా ఉంటుంది, తడి తగిలితే తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ బ్లేడు తుప్పును తట్టుకుంటుంది గాని సాధారణంగా అంత పదును నిలుపుకోదు. పొడి కాగితపు పనికి మొదటిదే సరైనది. ఓల్ఫా సాధారణ బ్లేడులలో 9 మిల్లీమీటర్లదానికి 13 కొసలు, 18 మిల్లీమీటర్లదానికి 8 కొసలు ఉంటాయి. ఇన్ని ఉన్నా జనం విరవడానికి ఎందుకో మనసొప్పక, మొద్దుబారిన కొసతోనే కాగితాన్ని చింపుతూ కూర్చుంటారు. కోత అంచున నూగులాంటి పీచు లేస్తే ఆ ముక్కకు కాలం చెల్లినట్టే. గాట్లు ఉన్న ముఖాన్ని పైకి పెట్టి, చివరి ముక్కను పట్టకారుతో పట్టి కిందికి వంచితే పుటుక్కున విరుగుతుంది. విరిగే ముక్క ఎగరవచ్చు కాబట్టి ముఖానికి దూరంగా పట్టుకోవాలి. ముక్కలను మూత ఉన్న డబ్బాలో వేయాలి.

గాజు మీద గాని, రాతిబల్ల మీద గాని కోస్తే ఎంత మంచి బ్లేడైనా నాలుగు గీతలకే మొద్దుబారుతుంది. మెత్తటి కటింగ్ మ్యాట్ ఒకటి, ఉక్కు స్కేలు ఒకటి దీనికి తోడుగా ఉండాలి. ప్లాస్టిక్ స్కేలు అంచును బ్లేడు చెక్కేస్తుంది. దళసరి అట్టను ఒక్క వేటుతో కాక, తేలికైన మూడు నాలుగు గీతలతో తెగనివ్వాలి.

చాలా సన్నని చిత్తరువులు కత్తిరించేవారికి పెన్నులా పట్టుకునే సన్నని కత్తి ఇంతకంటే అనుకూలం, లేదా ఇదే కట్టర్‌లో 30 డిగ్రీల బ్లేడు వేసుకోవచ్చు. అయితే దాని మొన తొందరగా విరుగుతుంది. మిగతావారికి నా సలహా ఇది: ముందు ఉక్కు గాడి, ఆటో లాక్ ఉన్న 9 మిల్లీమీటర్ల కట్టర్‌ను, దానితోపాటే అదనపు బ్లేడుల పెట్టెను కొనండి, వారంలో ఒక్కసారైనా దళసరి అట్ట కోసే పని ఉంటేనే మర బిగించే 18 మిల్లీమీటర్లదానిని తరువాత చేర్చుకోండి.