స్టార్ ఫెర్రీ: కింది అంతస్తు టికెట్టే తీసుకోండి

హాంకాంగ్ చూసివచ్చిన మనవాళ్లలో చాలామందికి స్టార్ ఫెర్రీ అంటే రాత్రివేళ పై అంతస్తులో నిలబడి, మేడల దీపాలు వెనుక కనబడేలా ఫొటోలు దిగే పడవ మాత్రమే. అక్కడున్న అయిదు రోజుల్లో ఆ పడవ మీద కౌలూన్‌కీ హాంకాంగ్ ద్వీపానికీ నడుమ ఉన్న సముద్రాన్ని పదకొండుసార్లు అటూ ఇటూ దాటిన తరువాత నాకు ఏర్పడిన అభిప్రాయం వేరు. ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో, ఉద్యోగాలకు వెళ్లే జనంతో కలిసి, ఇంకా చౌకైన కింది అంతస్తులో కూర్చుని దాటితేనే ఆ పడవ ఏమిటో తెలుస్తుంది.

కౌలూన్ వైపు చిమ్ షా చుయి రేవు, ద్వీపం వైపు సెంట్రల్ రేవు. ఈ రెండింటి నడుమ ప్రయాణం పది నిమిషాలు కూడా పట్టదు. ముందే డబ్బు నింపుకుని ప్రయాణాలకు వాడుకునే ఆక్టోపస్ కార్డును గేటుకు ఆనిస్తే చాలు, లోపలికి వెళ్లవచ్చు. వారాంతాల్లో కొంత పెరిగినా ఛార్జీ పది హాంకాంగ్ డాలర్ల లోపే ఉంటుంది.

పడవ ఒడ్డుకు చేరే ఘట్టాన్ని తొందరపడకుండా చూడాలి. ముదురు నీలం దుస్తుల్లో ఉన్న నావికుడు చివర కొక్కెం ఉన్న పొడవాటి గెడతో, చేయి లావున్న మోకును అందుకుని ఇనుప దిమ్మెకు తగిలిస్తాడు. పడవ బరువుకు ఆ తడి మోకు బిగుసుకుంటూ కిర్రుమంటుంది, ఆ వెంటనే ఇనుప వంతెన దడాలున వాలుతుంది, జనం ఒక్క మాటా లేకుండా కదులుతారు. ఈ పడవలకు ముందు వెనుకలు లేవు. రెండు కొసల్లోనూ చుక్కాని గది ఉండటం వల్ల తిరిగి వెళ్లేటప్పుడు పడవను తిప్పవలసిన పని ఉండదు. అందుకే చెక్క బల్లల ఆనుడు అటూ ఇటూ మడిచేలా చేశారు. ఈ సంగతి తెలియక మొదటిసారి నేను వదిలివచ్చిన ఒడ్డునే చూస్తూ ప్రయాణించాను. నా ముందు కూరగాయల సంచీతో వచ్చిన ఒక పెద్దావిడ, అటువైపు చూడనైనా చూడకుండా, ఒంటి చేత్తో ఆనుడును టక్కున అవతలికి తోసి కూర్చుంది. చెక్కలో చిన్న చిన్న చిల్లులతో నక్షత్రం ఆకారం తొలిచి ఉంటుంది. ఏళ్ల తరబడి జనం ఆనుకోవడం వల్ల కాబోలు, దాని అంచులు వేలికి నున్నగా తగులుతాయి.

కింది అంతస్తులో ఇంజను మోత చెవులకన్నా ముందు అరికాళ్లకు తెలుస్తుంది. వేడి నూనె, డీజిల్, ఉప్పుగాలి కలిసిన ఆ వాసన నన్ను నేరుగా నరసాపురం, సఖినేటిపల్లి మధ్య తిరిగే పంటు మీదికి తీసుకువెళ్లింది; గోదావరిలో ఉప్పు తక్కువ, అంతే తేడా. పక్కనుంచి మరో పడవ దూసుకుపోతే దాని అల వచ్చి తాకి, తుంపర పెదవుల దాకా వస్తుంది. డీజిల్ వాసన పడనివారు, కడుపులో తిప్పేవారు మాత్రం పైకి వెళ్లడమే మేలు.

ఈ సర్వీసుకు మూలపురుషుడు మన దేశం నుంచి వెళ్లిన పార్సీ, దొరాబ్జీ నౌరోజీ మిఠాయివాలా. 1888లో ఆయన నడిపిన ఫెర్రీయే 1898లో స్టార్ ఫెర్రీ కంపెనీగా మారింది. పడవల పేర్లన్నిటి చివరా ఇప్పటికీ ‘స్టార్’ అనే ఉంటుంది. సముద్రాన్ని ఇలా దాటడం ఈ ఊరివాళ్లకు ఎంత నిత్యావసరమో 1966లో తేలింది: పై తరగతి ఛార్జీని అయిదు సెంట్లు పెంచబోతే ఒక యువకుడు నిరాహారదీక్షకు దిగాడు, అది అల్లర్ల దాకా వెళ్లింది. 1972లో సముద్రం కింద రోడ్డు సొరంగం, ఆ తరువాత మెట్రో వచ్చినా పడవలు ఆగలేదు.

2006లో సముద్రాన్ని పూడ్చే పనుల కోసం సెంట్రల్ రేవును ముందుకు జరపడం వల్ల మెట్రో స్టేషను నుంచి నడక పెరిగింది. ఆదివారమైతే ఆ నడక బాధించదు: సెలవు దొరికిన ఫిలిప్పీన్స్ ఇంటిపని మహిళలు సెంట్రల్ ప్రాంతంలో, కాలినడక వంతెనల నీడన, అట్టపెట్టెలు పరుచుకుని, అన్నం డబ్బాలు విప్పుకుని, గోళ్లకు రంగులు వేసుకుంటూ, పాడుకుంటూ కూర్చుంటారు, వెనిగర్, వెల్లుల్లి వాసన రేవు దాకా మన వెంటే వస్తుంది. రేవు దగ్గర ఒక కొట్టులో నేను కొన్న పాలటీ మాత్రం చల్లారి, పైన మీగడ కట్టి ఉంది. టీ తాగాలనుకుంటే పడవ దిగి నాలుగు వీధులు లోపలికి నడిచి, గుడ్డ వడపోతతో కాచే పాత హోటలు వెతుక్కోండి.