వర్షారణ్యంలో నేల శ్వాసను కొలిచే పరికరం: రెండు వర్షాభావ కాలాల అనుభవం

ఉష్ణమండల వర్షారణ్యంలో వానలు ముఖం చాటేసినప్పుడు నేల నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్ (దీన్నే నేల శ్వాస అంటారు) ఎంత మారుతుందో తెలుసుకోవడానికి, భుజాన మోసుకెళ్లగల ఒక ఛాంబర్ పరికరాన్ని రెండు వర్షాభావ కాలాలపాటు వాడాను. నేలలోకి దించిన ప్లాస్టిక్ కాలర్ (వలయం) మీద ఇది మూతలా కూర్చుని, లోపలి గాలిని పరారుణ కాంతితో వాయువును కొలిచే విశ్లేషకం గుండా తిప్పుతూ, కార్బన్ డయాక్సైడ్ పెరిగే వేగాన్ని బట్టి చదరపు మీటరుకు సెకనుకు ఎన్ని మైక్రోమోల్‌లు (వాయువు పరిమాణాన్ని చెప్పే చిన్న కొలమానం) వస్తున్నాయో రెండు నిమిషాల్లో చెబుతుంది. తడి నేల మీద దీని పనితనానికి వంక పెట్టలేను. ఒకే కాలర్ మీద మూడుసార్లు కొలిచినా అంకెలు దగ్గరదగ్గరగానే వచ్చాయి.

చిక్కంతా నేల ఎండినప్పుడే. బంకమట్టి ముడుచుకుని కాలర్ అంచు నుంచి విడిపోతుంది. ఆ సందులోంచి గాలి జారిపోవడంతో పరికరం తక్కువ అంకె చూపుతుంది. ఆ తగ్గుదలను మనం కరవు ప్రభావంగా రాసుకుంటాం. మొదటి కాలంలో నేను సరిగ్గా ఈ పొరపాటే చేశాను. అంచు చుట్టూ మట్టిని అదిమి మళ్లీ కొలిచేసరికి అంకె పెరిగింది, దాంతో ఆ వారం కొలతలన్నీ పక్కన పెట్టవలసి వచ్చింది. పరికరంతో ఇచ్చిన వివరణ పుస్తకంలో దీని గురించి ఒక్క వాక్యం కూడా లేకపోవడం నన్ను నిజంగా బాధపెట్టింది. పోనీ కాలర్‌ను ఇంకా లోతుగా దించుదామా అంటే పైపొరలోని సన్నని వేళ్లు తెగిపోతాయి. నేల శ్వాసలో వేళ్లకూ సూక్ష్మజీవులకూ వాటా ఉంటుంది కనుక అది మరో తప్పుకు దారి తీస్తుంది.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. అమెజాన్‌లో పైకప్పు పలకలతో వాన నీటిని నేలకు చేరకుండా మళ్లించిన రెండు ప్రయోగాల్లో, టపజోస్‌లో కార్బన్ డయాక్సైడ్ విడుదల చెప్పుకోదగినంతగా మారలేదు, కషివానాలో తగ్గింది. కోస్టారికాలో అలాంటి ప్రయోగమే చేస్తే విడుదల పెరిగింది. నేలలోకి దిగే నీటిలో కరిగి, సూక్ష్మజీవులకు ఆహారమయ్యే సేంద్రియ పదార్థం గాఢత పెరగడమే అందుకు కారణమని పరిశోధకులు భావించారు. సాధారణంగా నేల మరీ ఎండితే సూక్ష్మజీవులకు ఆహారం అందదు, మరీ నానితే ఆక్సిజన్ అందదు. కాబట్టి కరవు వచ్చిందంటే శ్వాస తగ్గాలన్న నియమమేమీ లేదు. మొదట్లో నేల ఎంత తడిగా ఉందన్నదాన్ని బట్టి అది ఎటైనా మొగ్గవచ్చు. ఇలాంటి చోట అంచులోని చిన్న సందు కూడా ఫలితాన్ని తలకిందులు చేయగలదు.

తేమ సెన్సార్ మరీ నిరాశపరిచింది: ఎండి పగిలిన నేలలో దాని ముళ్లు మట్టికి సరిగా ఆనవు.

కరవు తర్వాత తొలి వాన పడగానే కొన్ని గంటల్లో విడుదల ఒక్కసారిగా ఎగసి, ఆపై తగ్గుతుంది. వారానికోసారి వెళ్లి కొలిచేవారికి ఆ ఎగసిపాటు దాదాపుగా దొరకదు. దాని కోసమైతే అక్కడే ఉండి తనంతట తానే మూసుకుని తెరుచుకునే ఛాంబర్లు కావాలి. విశాలమైన ప్రాంతంలో ఒక చోటికీ మరో చోటికీ ఉన్న తేడాను పట్టుకోవడానికి మాత్రం ఈ పరికరాన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. నేను ఇప్పుడు ప్రతి కొలతకు ముందు కాలర్ అంచును ఫొటో తీసుకుంటున్నాను. సందు కనిపించిన చోటి అంకెను పట్టికలోకి ఎక్కించడం లేదు.