రీఫర్బిష్డ్ థింక్‌ప్యాడ్ టీ480: తుడిచి ఇచ్చారా, విప్పి బాగుచేశారా?

పాత లాప్‌టాప్‌లు అమ్మేటప్పుడు రీఫర్బిష్ అన్న మాటను ఒక్కో అమ్మకందారు ఒక్కోలా వాడతారు. కొందరికి అది తడిగుడ్డతో తుడిచి విండోస్ మళ్లీ ఎక్కించడం. కొందరికి పాడైన పార్ట్ ఒక్కటి తీసి వేరేది వేయడం. ఇంకొందరు మూతమీద కొత్త స్కిన్ అతికిస్తే చాలనుకుంటారు, పైన పటారం లోన లొటారం. మిషన్ విప్పి, ఫ్యాన్ దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ మార్చి, బ్యాటరీ కొలిచి ఇస్తేనే ఆ మాటకు న్యాయం చేసినట్టు.

2018లో వచ్చిన ఈ లెనోవో లాప్‌టాప్ మోడల్‌లో ఆ తేడా తేలిగ్గా పట్టుకోవచ్చు. ముందు బ్యాటరీ. ఇందులో రెండుంటాయి: లోపల 24 వాట్ అవర్‌ది, వెనక ఊడదీసేది. వాడేటప్పుడు వెనకదే ముందు ఖాళీ అవుతుంది, అరిగేదీ అదే ముందు. కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని కొడితే రెండింటి లెక్కా విడివిడిగా వస్తుంది. డిజైన్ కెపాసిటీ 24,000 మిల్లీవాట్ అవర్లు ఉండి ఫుల్ చార్జ్ కెపాసిటీ 15,000 చూపిస్తే మిగిలింది 62.5 శాతమే. దాన్ని 'టెస్ట్ చేసిన బ్యాటరీ' అనొచ్చు, 'కొత్త బ్యాటరీ' అనకూడదు. కొత్త ఎస్‌ఎస్‌డీ అన్నా అంతే. డిస్క్ స్థితి చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో పవర్ ఆన్ అవర్స్, అంటే డిస్క్ నడిచిన గంటలు, వేలల్లో ఉంటే అది పాతదే.

అసలు చిక్కు టైప్-సీ పోర్టులతో. వాటిలో ఒకటి థండర్‌బోల్ట్, అంటే డేటా వేగంగా పంపే రకం. దాన్ని నడిపే కంట్రోలర్ పాత ఫర్మ్‌వేర్‌లో (లోపలి ప్రోగ్రామ్‌లో) లోపం ఉంది. అది తన ఫ్లాష్ చిప్‌లో అదేపనిగా రాస్తూపోయి చివరికి చిప్‌ను చెడగొడుతుంది. అప్పుడు ఆ పోర్టులో చార్జింగ్ పోవచ్చు, బయటి మానిటర్‌కు బొమ్మ రాకపోవచ్చు. లెనోవో అప్‌డేట్ ఇచ్చింది కానీ అది చిప్ చెడకముందు వేస్తేనే ఉపయోగం. ఎడమవైపున్న రెండు టైప్-సీ పోర్టుల్లోనూ చార్జర్ పెట్టి చూడండి, ఆ తర్వాత మానిటర్ తగిలించి చూడండి. ఒకదాంట్లో ఎక్కుతోంది కదా అని ఊరుకోవద్దు.

ఆన్ చేయగానే ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లోకి, వెళ్లండి. ఆ సెట్టింగులకు తాళంలా ఉండే సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగి, అమ్మినవాళ్లు చెప్పలేకపోతే వెంటనే తిప్పి పంపేయండి. లెనోవో లెక్కలో దానికి మదర్‌బోర్డు మార్చడమే దారి. అంత పనిని ఎవరూ రీఫర్బిష్ కింద చేసిపెట్టరు.

స్క్రీన్ 1920x1080దే అడగండి. 1366x768 ప్యానెల్‌తోనూ ఈ మోడల్ వచ్చింది, దాంట్లో అక్షరాలు చూస్తే కళ్లు లాగుతాయి. 8 జీబీ ర్యామ్‌తో ఇచ్చినా ఫర్వాలేదు, రెండు స్లాట్లున్నాయి, డీడీఆర్4 స్టిక్కు మీరే వేసుకోవచ్చు. విప్పేముందు వెనక బ్యాటరీ తీసి, బయోస్‌లో లోపలి బ్యాటరీని డిసేబుల్ చేయాలి. మీటల మెరుపు చూసి భయపడక్కర్లేదు, అది వేళ్ల రాపిడి. ఆ కీబోర్డు ఇప్పటికీ కొత్త లాప్‌టాప్‌లు చాలావాటికంటే హాయిగా ఉంటుంది.