నయీంనగర్ పశువైద్యశాల: మా లాబ్రడార్‌కు అందిన వైద్యం

మా లాబ్రడార్ పిల్లకు నాలుగో నెల వచ్చేసరికి అన్నం గిన్నె చూస్తేనే కాళ్లు సడలి కూలబడేది. మొదట చూపించిన చోట ఫిట్స్ అని మందులు రాసిచ్చారు. నెల రోజులు వాడినా మార్పు రాలేదు. ఆ తర్వాతే హనుమకొండ నయీంనగర్‌లోని ఈ చిన్న పశువైద్యశాలకు తీసుకువచ్చాము.

డాక్టరమ్మ మందుల మాట ఎత్తకముందే, పడినప్పుడు కళ్లు తెరిచే ఉంటాయా, నోట నురగ వస్తుందా, పిలిస్తే మన వైపు చూస్తుందా అని అడిగారు. ఉడికించిన కోడి కార్జాన్ని పది ముక్కలు చేసి నేల మీద వరుసగా పెట్టించారు. ఆరోగ్యంగా ఉన్న కుక్క క్షణాల్లో తినేసే ఆ వరుస పూర్తయ్యేలోపు మాది మూడుసార్లు కూలింది, స్పృహ మాత్రం తప్పలేదు. ఇది నార్కోలెప్సీ (నిద్ర, మెలకువల అదుపు తప్పి, ఉత్సాహం కలిగినప్పుడు ఒంట్లో పట్టు సడలే మెదడు జబ్బు) అని, లాబ్రడార్, డాబర్‌మాన్ జాతుల్లో తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు అందినప్పుడు వస్తుందని, మెలకువగా ఉంచే హైపోక్రెటిన్ అనే మెదడు రసాయనాన్ని అందుకునే గ్రాహకానికి చెందిన ఆ జన్యువును 1999లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు గుర్తించారని ఓపికగా వివరించారు.

మెడలోని వేగస్ నరానికి విద్యుత్ ప్రేరణ ఇస్తే నయమవుతుందేమోనన్న ఆశతో పరికరం కొనడానికి నేను సిద్ధపడి ఉన్నాను. ఆ ఆలోచనను ఆమె కొట్టిపారేయలేదు. ఆ నరం నుంచి వెళ్లే సంకేతాలు మెదడు కాండంలోని లోకస్ సెరూలియస్ అనే భాగాన్ని ఉత్తేజపరుస్తాయని, నార్కోలెప్సీ ఉన్న కుక్క కూలే క్షణాన మూగబోయేవి ఆ భాగపు కణాలేనని చెప్పారు. అయితే మనుషుల మూర్ఛకు అమెరికాలో 1997లోనే అనుమతి పొందిన ఈ పద్ధతి కుక్కల నార్కోలెప్సీకి ఇంకా నిరూపితమైన చికిత్స కాదని, వేగస్ నరం గుండె వేగాన్ని కూడా తగ్గించగలదు కాబట్టి ఇంట్లో ప్రయోగాలు చేయవద్దని గట్టిగా హెచ్చరించారు. అమ్మకానికి ఆశపడకుండా ఇంత నిజాయితీగా చెప్పేవారు దొరకడం మా అదృష్టమనే భావిస్తున్నాను.

ఇమిప్రమైన్ అనే మందు మొదలుపెట్టాక కూలడం బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. టోకెన్ పద్ధతి లేక సాయంత్రాలు రెండు గంటలు కూర్చోవలసి రావడం, జన్యుపరీక్ష అక్కడ లేకపోవడం లోపాలే. అయినా మా ఊరి కుక్కల యజమానులకు ఈ చోటునే సూచిస్తాను. వడ్డేపల్లి చెరువు కట్ట మీద మాత్రం మా కుక్కపిల్లను ఇప్పటికీ నీటి వైపు నడవనివ్వడం లేదు. ఆటల ఉత్సాహంలో కూలితే చెరువులో పడుతుందన్న జాగ్రత్త కూడా డాక్టరమ్మ చెప్పిందే.